శభాష్ అనూషా

7 జూలై 2025, సోమవారం

ట్యాబ్‌లు వచ్చాయి. పది. నా క్లాసులో ఒకటి, రెండు తరగతులు కలిపి ఇరవై ఆరు మంది. పదిని ఇరవై ఆరు మందికి ఎలా పంచాలో ఆ లెక్క మాత్రం ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.

ట్యాబ్‌లతో పాటు శరత్ బాబు అనే కుర్రాడు కూడా వచ్చాడు. యాప్ కంపెనీ తరఫున మా మండలానికి కోఆర్డినేటర్ అట. మెడలో ట్యాగు, నోట్లో చూయింగ్ గమ్. యాప్ పేరు లెక్కల మెట్లు. అందులో ఒక ఉడుత ఉంటుంది. జవాబు ఒప్పయితే ఉడుత మెట్టెక్కుతుంది, తప్పయితే దిగుతుంది. ఏ పిల్లకు ఎంతవరకు వచ్చో యాపే కనిపెట్టి, ఆ మెట్టుకు తగిన లెక్క ఇస్తుందట. మీరేం టెన్షన్ పడొద్దు మేడం, జస్ట్ ఫెసిలిటేట్ చేయండి చాలు అన్నాడు. నేను ఈ ఉద్యోగంలో చేరేనాటికి వీడు ఇలాంటి బళ్ళోనే ముక్కు తుడుచుకుంటూ ఉండి ఉంటాడు. ఇప్పుడు నేను జస్ట్ ఫెసిలిటేట్ చేయాలట.

ఒక్కటి మాత్రం బాగుంది, కాదనను. జవాబు సరిగ్గా చెప్తే ఉడుత చప్పట్లు కొట్టి పిల్లను పేరు పెట్టి మెచ్చుకుంటుంది. ఆడగొంతు, టీవీ యాంకర్ తెలుగు. అయినా పేరు పెట్టి మెచ్చుకుంటే ఎవరికి చేదు?

9 జూలై, బుధవారం

నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది.

యాప్ తెరవగానే పేర్ల లిస్టు వస్తుంది, అక్షర క్రమంలో. పిల్ల తన పేరు తాను నొక్కాలి. పేరు చదవడమే వస్తే వీళ్ళు నా దగ్గరికెందుకు వస్తారు? అందరూ అన్నింటికంటే పైనున్న పేరు నొక్కారు. అనూష. పది ట్యాబ్‌లలో పది అనూషలు. మహేష్‌గాడు టకటకా కూడికలు చేసేశాడు, ఉడుత శభాష్ అనూషా అంది. వాడు ట్యాబ్ తిప్పి, దాని వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

అసలు అనూష ఏమో మూల కూర్చుని జడ కొస కొరుక్కుంటోంది. దానికి ట్యాబే దొరకలేదు.

ఈ పిల్ల గురించి రాసుకోవాలి. రెండో తరగతి. రెడ్డెమ్మ కూతురు. రెడ్డెమ్మ మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటాలు ఏరే పనికి పోతుంది, మొగుడు బెంగుళూరులో సెంట్రింగ్ పని. పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక నిరుడు సగం రోజులు తనతో యార్డుకే తీసుకుపోయింది. పంతొమ్మిది దాకా చెప్పి, ఆ తర్వాత పదిపది అంటుంది అనూష. తప్పు అనడానికి నాకే నోరు రాదు, రెండు పదులే కదా మరి. కానీ అక్కడే ఆగిపోతుంది. మా బడి రెండో తరగతి దాకే, మూడో తరగతికి ఈ పిల్ల వేరే బడికి పోవాలి. అక్కడ దీన్ని వెనక వరసలో కూర్చోబెట్టి మర్చిపోతారు. ఆ తర్వాత మళ్ళీ యార్డే. అలా పోయినవాళ్ళను ఎంతమందిని చూళ్ళేదు! ఈ ఒక్క ఏడాది నా చేతిలో ఉంది. ఈ పిల్లకు లెక్క అంటే భయం పోవాలి, వంద దాటాలి. ఉడుతతోనో ఉడుత లేకుండానో.

14 జూలై, సోమవారం

పేరు మార్చాలంటే నెట్ ఉండాలి. మా బడిలో నెట్ వాటర్ ట్యాంకు పక్కన తప్ప ఎక్కడా రాదు. పేరు మార్చకపోతే మాత్రం ఎక్కడైనా పనిచేస్తుంది. ఏం తెలివి! ఈ రోజు ఒక్కొక్క ట్యాబూ పట్టుకుని ట్యాంకు దగ్గరికి పోయి, పేరు మార్చి తెచ్చి ఇచ్చేసరికి పీరియడ్ అయిపోయింది. గదిలో రెండు కొట్లాటలు, ఒక పలక పగిలింది.

హెచ్‌ఎం లక్ష్మీపతి సారు పిలిచి ఫోనులో గ్రూపు మెసేజ్ చూపించాడు. యాప్ వాడిన నిమిషాలు తక్కువైన బళ్ళ పేర్లు ఎర్రరంగులో ఉన్నాయి. మాది పైనుంచి రెండోది. ఎవురి పేరైతే ఏముందమ్మా, లోపల లెక్క జరగతాండాది గదా, మనకి నిమిషాలు పడల్ల, అంతే కావల్సింది అన్నాడు. అది తప్పు కదా సార్ అన్నాను. తప్పేలేమ్మా, మెమో వస్తే నీ పేరు మీద తీసుకుంటావా అన్నాడు. చెడ్డమనిషి కాదు. రిటైర్మెంటు దగ్గరికొచ్చిన మనిషి. ఆయనకు గొడవ వద్దు.

నాకూ వద్దనే అనుకోవాలి. సరే సార్ అని పేర్లు మార్చడం మానేశాను. రేపు యాప్ తెరిస్తే మళ్ళీ అదే లిస్టు, మళ్ళీ పది అనూషలే.

23 జూలై, బుధవారం

గ్రీన్‌లోకి వచ్చాం. సారు మదనపల్లె నుంచి మైసూర్‌పాక్ తెచ్చి పంచాడు.

6 ఆగస్టు, బుధవారం

అనూష రోజూ బడికి వస్తోంది. ఒక్కరోజు మానలేదు. ఎందుకో ఈ రోజు అర్థమైంది.

మూల కూర్చోవడం మానేసి గది నడిమధ్యకు వచ్చింది. చుట్టూ పది ట్యాబ్‌లు. ఎవరు ఏ లెక్క చేసినా శభాష్ అనూషా అంటున్నాయి. కిటికీ దగ్గర శభాష్ అనూషా. తలుపు దగ్గర శభాష్ అనూషా. పిలిచినప్పుడల్లా ఇది తల తిప్పి అటు చూసి నవ్వుతోంది. ట్యాబ్ ముట్టుకోదు. ముట్టుకోవాల్సిన అవసరమేముంది, ఏమీ చేయకుండానే మెచ్చుకుంటుంటే?

అది నిన్ను కాదే తల్లీ అని చెబుదామని దగ్గరికి పోయాను. మొహం చూశాక చెప్పలేకపోయాను. ఏడేళ్ళ పిల్లను లోకంలో ఇన్ని గొంతులు ఒకేసారి మెచ్చుకోవడం ఎక్కడుంది? అదీగాక ఆ శభాష్ కోసమే కదా రోజూ వస్తోంది. రానీ. వస్తేనే కదా నేను నేర్పేది. అన్నం బెల్లయ్యాక చింతగింజలు పోసి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. పదేసి గింజలు ఒక కుప్ప. రెండు కుప్పలు ఇరవై అని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇరవై ఒకటి, ఇరవై రెండు తానే చెప్పింది. మళ్ళా కుప్ప పెట్టు మిస్ అని నా చెయ్యి పట్టుకుని లాగింది. ఇది నిజంగా జరిగింది, ఏ ఉడుతా చూడలేదు.

19 ఆగస్టు, మంగళవారం

కొంప మునిగింది.

శరత్ బాబు బైకు దిగడమే స్వీట్లతో దిగాడు. రెండో తరగతి పిల్లల్లో అనూష మొత్తం మీద టాప్ అట. ఐదో తరగతి మెట్టు మీద ఉందట. ఒక రోజైతే పద్నాలుగు గంటలు చదివిందట. మా బడి ఉండేదే ఆరున్నర గంటలు కదప్పా అన్నాను. డెడికేషన్ మేడం అన్నాడు. నిజంగా అన్నాడు, నేను కల్పించి రాయడం లేదు.

అక్కడే, వరండాలోనే, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పది ట్యాబ్‌లు, ఒకటే పేరు, ఆ లెక్కల్లో సగం మహేష్‌వి, మిగతావి తలా ఇన్ని. కుర్రాడి నోట్లో చూయింగ్ గమ్ ఆగిపోయింది. పాప పేరు పైకి పంపించేశాను మేడం అన్నాడు. వెనక్కి తీసుకో అన్నాను. తీసుకుంటే మొత్తం మండలం డేటా చూస్తారు, అన్ని బళ్ళల్లోనూ ఇంతే ఉండాదేమో, నా ఉద్యోగం పోతాది అన్నాడు. అప్పటిదాకా ఇంగ్లీషు కలిపి దంచినవాడు భయపడేసరికి ఊరి మాటలోకి వచ్చేశాడు.

లక్ష్మీపతి సారు ఇద్దరి మధ్యా చేతులూపుతూ, ఉండండప్పా, యాల అరుసుకుంటారు, నాలుగు దినాలు పోతే వాళ్ళే మర్సిపోతారు అన్నాడు.

ఆ నాలుగు రోజులే అయితే బాగుండు.

8 సెప్టెంబర్, సోమవారం

మర్చిపోలేదు. పుంగనూరులో సభ పెట్టి, శాలువా కప్పి, సర్టిఫికెట్ ఇచ్చారు. అనూష కంటే శాలువా పొడుగ్గా ఉంది. మా బడి గేటుకు ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో అనూష, ఉడుత, ఇంకా నాకు పేర్లు తెలియని పెద్దమనుషులు.

రెడ్డెమ్మ పని మానుకుని వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. టమోటా పులుపుకు వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. టీచరమ్మా, మా యింట్లో ఎవురికీ లేని తెలివి దీనికి యాడినించి వచ్చిండాదమ్మా, అంతా నీ పున్యం అంది. ఇక దీన్ని యార్డుకు తీసకపోను, నా ఒళ్ళు పడిపోయినా సరే చదివిస్తా అంది.

చెప్పాల్సింది అప్పుడే. బాగా చదువుతుందమ్మా అన్నాను. అబద్ధం కూడా కాదు, ముప్పై దాటింది పిల్ల. అలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేకపోతే సరి.

మహేష్‌గాడు గేటు దగ్గర ఫ్లెక్సీని చాలాసేపు చూశాడు. ఉడుత బొమ్మ బాగుందన్నాడు.

13 అక్టోబర్, సోమవారం

దసరా సెలవులకు అందరూ మర్చిపోతారనుకున్నాను. లేదు, కుప్పంలో బాలల దినోత్సవం నాడు డిజిటల్ మేళా అట. అనూష స్టేజీ మీద, అందరి ముందూ, లైవ్‌లో లెక్కలు చేసి చూపించాలట.

పిల్లను పంపనని కూర్చున్నాను. సారు బతిమిలాడాడు. శరత్ బాబు అయితే దాదాపు ఏడ్చాడు. చివరికి ఒక దారి చెప్పాడు. యాప్‌లో డెమో మోడ్ అని ఉందట. అది తెరిస్తే ఒకటో తరగతి లెక్కలే వస్తాయి, బుట్టలో మామిడికాయలు ఎన్ని, అంతే. అనూష అవి చేస్తుంది, జనం చప్పట్లు కొడతారు, ఇంటికి వచ్చేస్తాం. ఆ తర్వాత నెమ్మదిగా పేరు సరిచేస్తానని వాడి తల్లి మీద ఒట్టేశాడు.

అనూషకు ఇప్పుడు యాభై దాకా వచ్చు. మామిడికాయలు ఎంచగలదు. ఒప్పుకున్నాను.

14 నవంబర్, శుక్రవారం, ఉదయం

వ్యాన్‌లో రాస్తున్నాను, అక్షరాలు ఎగురుతున్నాయి. పలమనేరు దాటాం. ముందు సీట్లో లక్ష్మీపతి సారు నిద్ర. రెడ్డెమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది, ఒళ్ళో సర్టిఫికెట్ పెట్టుకుంది. ఎందుకమ్మా అది అంటే, యెవురైనా అడిగితే సూపించొద్దా అంది.

అనూష కిటికీ పక్కన కూర్చుని కరెంటు స్తంభాలు ఎంచుతోంది. ఎవరూ ఎంచమనలేదు. అరవై దాకా ఎంచింది, డెబ్బై దగ్గర తడబడి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జూలైలో పదిపది అన్న పిల్ల ఇది. ఏ ఫ్లెక్సీ కట్టినా దీనికి కట్టాలి.

అదే రోజు, సాయంత్రం, తిరుగు దారిలో

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని కూడా ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటాను.

శరత్ బాబు చెప్పినట్టే డెమో మోడ్ తెరిచాడు. వెనక గోడంత స్క్రీన్ మీద మామిడికాయలు వచ్చాయి. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన నవ్వి, ఇదేమప్పా పసిపిల్లల లెక్క, ఆ పాప సొంత మెట్టు తెరువు, అందురూ సూడల్ల గదా అన్నాడు. శరత్ బాబు నా వైపు చూశాడు. నేను సారు వైపు చూశాను. సారు నేల వైపు చూశాడు. వాడు తెరిచేశాడు.

భిన్నాల కూడిక. మూడు బై ఎనిమిది, ఒకటి బై నాలుగు.

అనూష భయపడలేదు. అదే నన్ను చంపుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్క్రీన్ వైపు చూసి నవ్వుతూ కూర్చుంది. అది దేనికోసం చూస్తోందో అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. శభాష్ అంటుందని చూస్తోంది. క్లాసులో ఎప్పుడూ అంతే కదా, ఊరికే కూర్చుంటే ఎక్కడినుంచో ఒక శభాష్ వస్తుంది. రాలేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. తెర వెనక కూడా చూసింది.

శరత్ బాబు వంగి ఏదో ఒకటి నొక్కు పాపా అన్నాడు. నొక్కింది. పర్వాలేదు అనూషా, మళ్ళీ ప్రయత్నిద్దాం అంది ఉడుత. ఒక మెట్టు దిగింది. ఇంకో లెక్క, ఇంకో తప్పు, ఇంకో మెట్టు. గోడంత ఉడుత అందరి ముందూ ఐదో తరగతి నుంచి కిందికి దిగుతూ వచ్చింది. దిగిన ప్రతిసారీ పర్వాలేదు అనూషా. వెనక ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. చివరికి మామిడికాయల దగ్గరికి వచ్చి ఆగింది. ఏడు మామిడికాయలు. పొద్దున అరవై స్తంభాలు ఎంచిన పిల్ల ఏడు కాయలు ఎంచలేకపోయింది. అప్పటికే ఏడుస్తోంది, కాయలు ఎక్కడ కనిపిస్తాయి? పర్వాలేదు అనూషా, పర్వాలేదు అనూషా. ఆ దరిద్రపు గొంతును ఆపే నాథుడే లేడు.

నేను పోయి ఎత్తుకుని దించాను. మొదటి తప్పుకే ఎందుకు పోలేదు? కుర్చీలోంచి ఎందుకు లేవలేదు? పెద్దాయన ముందు కూర్చున్నాడనా? ఛీ నా బతుకు.

శరత్ బాబు మైకులో స్టేజ్ ఫియర్ అన్నాడు. తర్వాత ప్రోగ్రాం డ్యాన్సు.

ఇప్పుడు అనూష వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుని ఉంది. రెడ్డెమ్మ పిల్ల తల నిమురుతూ ఉంది. కిటికీ అవతల స్తంభాలు పోతూనే ఉన్నాయి, ఎంచేవాళ్ళు లేరు.

17 నవంబర్, సోమవారం

అనూష రాలేదు. దిష్టి తగిలిందట. పక్కింటి పిల్ల చంద్రిక చెప్పింది. మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఘాటే రాలేదంట మిస్, అంత దిష్టంట.

25 నవంబర్, మంగళవారం

మా అత్త కృపమ్మ మిషన్ ఆసుపత్రిలో ఓపీ దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి వస్తూనే, మీ బడి ఊరామె వచ్చిండె ఈ పొద్దు అంది. ఏడేళ్ళ పాపను తెచ్చి, దీనికి ఐదో తరగతి లెక్కలు వస్తాండె, కుప్పంలో అంతా ఒగ్గసారిగా పోయె, తలకాయ ఫోటో తియ్యండి అని కూర్చుందట. డాక్టరమ్మ చూసి పాప బాగుంది, ఏమీ లేదు అని పంపేసింది. ఆమె నమ్మలేదు. ఇది నా బిడ్డ కాదమ్మా, నా బిడ్డకు అన్నీ తెలుసు అని ఏడ్చిందట. ఇప్పుడు వేలూరు పెద్దాసుపత్రికి పోతానంటోందట.

అంతటితో అయిపోతే బాగుండు. అప్పటికే గుర్రంకొండలో తాయెత్తు కట్టించారు. తెలివి తిరిగొస్తుందని ఎవరో నాటువైద్యుడు తలకు పసరు పట్టించాడు. చెవి ఎనక తోలంతా ఊడి వచ్చిండాది తల్లీ, పాప చెయ్యి పెట్టనీదు అంది అత్త. కట్టు తానే కట్టిందట.

ఆ పసరు పూసింది నాటువైద్యుడు కాదు. నేను, లక్ష్మీపతి సారు, శరత్ బాబు. ముగ్గురం కలిసి పూశాం.

26 నవంబర్, బుధవారం

ఇద్దరినీ రమ్మన్నాను, కలిసి పోయి రెడ్డెమ్మకు చెబుదామని. శరత్ బాబు ఫోనులోనే, డేటా ఇష్యూ అని రిపోర్టు పెట్టేశాం మేడం, ఆ పాప ఐడీ ఫ్రీజ్ చేశాం, క్లోజ్ అయిపోయింది అన్నాడు. ఎవరికి క్లోజ్ అయింది నాయనా అన్నాను. సిగ్నల్ లేదన్నాడు.

సారు మాత్రం కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. చెప్తే ఆ తల్లి మన మొగాన ఉమ్మేస్తాది, ఊర్లో బడి నడవదు, పాపకి మాత్రం ఏమొస్తాది చెప్పమ్మా అన్నాడు. పసరు ఆగుతుంది సార్ అన్నాను. ఆయన రాను అనలేదు. రాలేదు, అంతే.

30 నవంబర్, ఆదివారం

చర్చి నుంచి నేరుగా బస్సెక్కి పోయాను.

రెడ్డెమ్మ గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. అనూష లోపల మంచం మీద, చెవికి కట్టు. నేను కూర్చోకముందే మొదలుపెట్టాను, కూర్చుంటే మళ్ళీ ధైర్యం పోతుందని. పేర్ల లిస్టు, నెట్టు, నిమిషాలు, ఎర్రరంగు, అన్నీ చెప్పాను. అమ్మా, నీ కూతురు ఏమీ మర్చిపోలేదు, ఆ లెక్కలు చేసింది అనూష కాదు, మహేష్ చేశాడు, మిగతా పిల్లలు చేశారు, పేరు మాత్రం దీనిది పడింది అన్నాను. తప్పు మాది, నాది అన్నాను. దానికి ఏ జబ్బూ లేదు, పసరు వద్దు, వేలూరు వద్దు అన్నాను.

చాలాసేపు కాయలు ఒలుస్తూనే ఉంది. తర్వాత, అట్లయితే ఆ మిషను దినామూ అనూషా అనూషా అని యెవుర్ని పిలస్తాండె అని అడిగింది.

ఆ రోజు పొద్దున కుప్పం పోతూ అరవై దాకా తానే ఎంచింది కదమ్మా, అది నిజం, అది దాని సొంతం అన్నాను. కరెంటు స్తంభాలు ఎంచేదానికి తెలివి కావల్నా టీచరమ్మా అంది. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగింది.

ఆ తర్వాత అన్న మాట మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. తెలివి ఉండి పొయ్యింది అనుకుంటే, యాడో ఒగ చోట తిరిగి వస్తాదిలే అని తిరగతా ఉంటిని. అసలుకే లేదు అంటే ఇంక నేను యాడ ఎతకల్ల అంది.

తిట్టలేదు. సారు చెప్పినట్టు ఉమ్మేసినా బాగుండేది. కాపీ తాగి పో అంది.

లేచేటప్పుడు చూస్తే అనూష తలుపు పక్కన నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. దగ్గరికి పిలిచాను, రాలేదు. పోనీ, కనీసం నిజం విన్నది, తనకేదో పోయిందన్న బెంగ తీరుతుంది అనుకున్నాను. బస్సులో వస్తూ మనసు తేలికగా ఉంది. చాలా రోజుల తర్వాత నిద్ర వస్తోంది.

3 డిసెంబర్, బుధవారం

అనూష బడికి వచ్చింది! పుండు మానుతోంది. మూలనే కూర్చుంది. కూర్చోనీ.

8 డిసెంబర్, సోమవారం

అనూష ఐడీ ఫ్రీజ్ అయ్యేసరికి లిస్టులో ఆ పేరు పోయింది. ఇప్పుడు పైనున్నది కౌసల్య. ఈ రోజు పది ట్యాబ్‌లూ శభాష్ కౌసల్యా అన్నాయి. ఒకటో తరగతి పిల్ల, పళ్ళూడిన నోరంతా తెరిచి నవ్వింది.

అన్నీ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇరవై ఆరు అట్టముక్కల మీద ఇరవై ఆరు పేర్లు రాశాను. ఎవరి పేరు వాళ్ళు గుర్తుపట్టేదాకా ఎవరికీ ట్యాబ్ లేదు. సారు వచ్చి బీరువా వైపు చూసి, మళ్ళా ఎర్రలోకి పోతామమ్మా అన్నాడు. పోదాం సార్ అన్నాను. తాళం చెవి అడగలేదు. మైసూర్‌పాక్ ఖర్చయినా మిగిలింది ఆయనకు.

12 డిసెంబర్, శుక్రవారం

అన్నం బెల్లయ్యాక గదిలో నేను, అనూష. ముప్పై ఎనిమిదికి ఏడు కలపమన్నాను. గింజలు అడగలేదు, వేళ్ళు మడవలేదు. పలక మీద నలభై ఐదు వేసింది. ఒప్పు. చూశావా, ఎవరు చేశారు ఇది అన్నాను.

మహేష్ చేసినాడు మిస్ అంది.

మహేష్ ఈ రోజు బడికే రాలేదు.